ఆపరేటర్ 1ఎ, ఆపరేటర్ 2ఎ: మేనేజ్‌మెంటు చదువుల చరిత్రలో స్త్రీలు

ఎం.బి.ఎ.లో చేరినవాళ్ళు మొదట్లోనే చదివే పాఠం ఒకటుంది. హాథార్న్ ప్రయోగాలు. ఎం.కాం. వాళ్ళకీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఎ. చేసేవాళ్ళకీ కూడా అది ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. సంస్థలు ఎలా నడుస్తాయి, వాటిలో మనుషులు ఎలా మసలుతారు అని బోధించే పి.జి. చదువులకి అది ఆదిపర్వం లాంటిది. పాఠం సారాంశం ఇంతే: కార్మికుడు యంత్రం కాడు. కూలి డబ్బులొక్కటే అతన్ని కదిలించవు. తనను ఎవరో పట్టించుకుంటున్నారని అనిపించినప్పుడు, తోటివాళ్ళతో కలిసిమెలిసి ఉన్నప్పుడు అతను ఎక్కువ పని చేస్తాడు.

ఆ 'అతను' నిజానికి ఆరుగురు అమ్మాయిలు.

అమెరికాలో చికాగో పక్కన సిసిరో అనే ఊళ్ళో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. టెలిఫోన్ పరికరాలు తయారుచేసేవారు. 1927లో అక్కడ ఒక చిన్న గదిని విడిగా కట్టి ఆరుగురు అమ్మాయిలను తెచ్చి కూర్చోబెట్టారు. ఐదుగురు రిలేలు బిగించాలి, ఆరో అమ్మాయి వాళ్ళకి విడిభాగాలు అందించాలి. ఒక్కో రిలేలో 35 దాకా చిన్న చిన్న ముక్కలుంటాయి. ఒక నిమిషంలో ఒకటి పూర్తవ్వాలి. ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ వయసువాళ్ళు. వాళ్ళకి మధ్యమధ్య విరామం ఇచ్చి చూశారు, పనిగంటలు తగ్గించి చూశారు, తినడానికి ఏదో ఒకటి ఇచ్చి చూశారు, మళ్ళీ అన్నీ తీసేసి చూశారు. ఎవరెన్ని రిలేలు బిగించారో ఒక యంత్రం లెక్కపెడుతూ ఉండేది. ఏం మాట్లాడుకుంటున్నారో పక్కనే కూర్చున్న పరిశీలకుడు రాసుకుంటూ ఉండేవాడు. రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఏం తిన్నారు అని అడిగేవారు. నియమిత కాలాల్లో వైద్యపరీక్షలు చేయించి, నెలసరి వివరాలు కూడా నమోదు చేసుకున్నారు.

ఇలా ఐదేళ్ళు సాగింది. ఉత్పత్తి సుమారు 30 శాతం పెరిగిందని లెక్క తేలింది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ప్రొఫెసరు ఎల్టన్ మేయో దీన్ని ఆధారం చేసుకుని మానవసంబంధాల సిద్ధాంతాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1939లో రోత్‌లిస్‌బర్గర్, డిక్సన్ కలిసి ఈ ప్రయోగాల మీద పెద్ద పుస్తకమే రాశారు. మేనేజ్‌మెంటు ఒక శాస్త్రంగా, ఒక పి.జి. చదువుగా నిలబడటానికి వేసిన పునాదిరాళ్ళలో అదొకటి.

పాఠంలో లేని ఇద్దరు

ఈ కథలో పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని ఒక ఘట్టం ఉంది. 1928 జనవరిలో ఆ గదిలోంచి ఇద్దరమ్మాయిలను తీసేశారు. కారణం, వాళ్ళు ఎక్కువ మాట్లాడుతున్నారని, సహకరించడం లేదని, అనుకున్నంత పని చేయడం లేదని. వాళ్ళను పాత విభాగానికి పంపేసి, వేగంగా పనిచేసే మరో ఇద్దరిని తెచ్చి కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చిన వారిలో ఒకమ్మాయి మీద ఇంటి భారం పడి ఉంది. ఆమె తన పని తాను చేసుకోవడమే కాకుండా, వెనకబడిన వాళ్ళను తొందరపెట్టేది. జీతం ఆ చిన్న బృందం మొత్తం ఉత్పత్తి మీద ఆధారపడి ఉండేది కాబట్టి ఒకరు నెమ్మదిస్తే అందరికీ నష్టమే. ఉత్పత్తి పెరగడంలో ఈ మార్పుకి ఎంత వాటా ఉందో, 'పట్టించుకోవడం' అనే మహిమకి ఎంత వాటా ఉందో తర్వాతి పరిశోధకులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు.

గ్రంథంలో ఆ ఇద్దరికీ పేర్లు లేవు. ఆపరేటర్ 1ఎ, ఆపరేటర్ 2ఎ. అంతే. మాట్లాడినందుకు గెంటేయబడిన ఇద్దరు స్త్రీలు ఒక శాస్త్రపు తొలిపుటల్లో రెండు అంకెలుగా మిగిలారు.

అదే ఫ్యాక్టరీలో 1931-32లో 14 మంది మగవాళ్ళను కూడా ఒక గదిలో పెట్టి పరిశీలించారు. తీగలు చుట్టి, అతికి, తనిఖీ చేసే పని వాళ్ళది. వాళ్ళు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకుని, రోజుకి ఇంతకన్నా ఎక్కువ చేయకూడదని నిర్ణయించుకున్నారు. ఎవరైనా దాటితే మిగతావాళ్ళు వాడి భుజం మీద గుద్దేవారు. పరిశోధకులు ఏం చేశారు? ఏమీ చేయలేదు. కూర్చుని చూశారు, రాసుకున్నారు. ఎవర్నీ తీసెయ్యలేదు. ఆ మగవాళ్ళ ప్రతిఘటనకి 'అనధికార వ్యవస్థ' అని గౌరవంగా ఒక పేరు కూడా పెట్టారు. అమ్మాయిలు మాట్లాడితే అది క్రమశిక్షణా రాహిత్యమైంది. మగవాళ్ళు పని తగ్గిస్తే అది సిద్ధాంతమైంది. ఈ తేడాను 1974లో జోన్ ఆకర్, డొనాల్డ్ వాన్ హూటెన్ తమ వ్యాసంలో ఎత్తిచూపారు. అమ్మాయిలను ఏరుకున్న తీరులోనే, వాళ్ళ మీద మగ పర్యవేక్షకులకున్న అధికారంలోనే ఈ ఫలితాలకి మూలం ఉండొచ్చునన్నారు. అప్పటికి ప్రయోగం మొదలై 47 ఏళ్ళు. ఇన్నేళ్ళూ ఆ పాఠం చెప్పినవాళ్ళకీ, చదివినవాళ్ళకీ ఇది కనిపించలేదంటే, కనబడకుండా చూసే చూపునే మనం చదువు అనుకుంటున్నామన్న మాట.

ఆలోచించిన వాళ్ళు

ఈ శాస్త్రంలో స్త్రీలు పరిశీలనకు వస్తువులు మాత్రమేనా? కాదు. దానికి ఆలోచన ఇచ్చినవాళ్ళలో కూడా ఉన్నారు. లిలియన్ గిల్‌బ్రెత్ సంగతే చూడండి. మేనేజ్‌మెంటుకి మనస్తత్వశాస్త్రాన్ని అన్వయిస్తూ ఆమె రాసిన పుస్తకం 1914లో వచ్చింది. పుస్తకం మీద రచయిత పేరు ఎల్.ఎం. గిల్‌బ్రెత్. రాసింది స్త్రీ అని తెలిస్తే ఎవరూ కొనరని ప్రచురణకర్తలు అలా పొడి అక్షరాలు వేశారు. పొడి అక్షరాల చాటున రాయడమంటే ఏమిటో మన రచయిత్రులకి కొత్తగా చెప్పక్కర్లేదు. మరుసటేడు ఆమె బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. పూర్తిచేసింది. పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి ఆమె. భర్త ఫ్రాంక్‌తో కలిసి ఫ్యాక్టరీలకి సలహాదారుగా పనిచేసింది. 1924లో భర్త చనిపోగానే చాలా కంపెనీలు ఒప్పందాలు వదులుకున్నాయి. అప్పటిదాకా కలిసి చేసిన పనిని వాళ్ళు ఒక్క భర్త పనిగానే లెక్కగట్టారు కాబోలు. ఆమె చివరికి వంటింటి అమరిక మీద పరిశోధనకి మళ్ళింది. స్త్రీ కాబట్టి వంటిల్లు తెలిసే ఉంటుందని నమ్మిన కంపెనీలు అందుకు పిలిచాయి. 1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఆమెను ప్రొఫెసర్‌గా తీసుకునేదాకా అదే దారి.

మేరీ పార్కర్ ఫాలెట్ కథ మరోరకం. 1868లో పుట్టిన ఆమె, హార్వర్డ్ స్త్రీలకు ప్రవేశం ఇవ్వదు కాబట్టి దాని పక్కనే స్త్రీల కోసం పెట్టిన రాడ్‌క్లిఫ్‌లో చదివింది. బోస్టన్‌లో పేదల పేటలో రాత్రిపూట బడి భవనాలను తెరిపించి ప్రజాకేంద్రాలుగా మార్చే పనిలో ఏళ్ళు గడిపింది. ఆమె సంస్థల గురించి నేర్చుకున్నది అక్కడే. ఒకరి మీద చలాయించే అధికారం వేరు, ఒకరితో కలిసి పెంచుకునే అధికారం వేరు అంది. ఆజ్ఞ ఇచ్చేది పై అధికారి కాదు, పరిస్థితే ఇద్దరికీ ఆజ్ఞ ఇవ్వాలి అంది. ఘర్షణ వస్తే ఒకరు గెలవడమో, ఇద్దరూ సగం సగం వదులుకోవడమో మాత్రమే దారులు కావని, ఇద్దరి అవసరమూ తీరే మూడో దారి వెతకొచ్చని చెప్పింది. దానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ చాలా చిన్నది. గ్రంథాలయంలో ఒకరికి కిటికీ తెరవాలని ఉంది. ఫాలెట్‌కి మూసి ఉంచాలని ఉంది. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. అవతలి మనిషికి కావలసింది గాలి, ఈమెకు అక్కర్లేనిది తన మీదికి నేరుగా వచ్చే చలిగాలి. రెండూ కుదిరాయి. ఇల్లు, ఇరుగుపొరుగు, సంఘం నడిపిన స్త్రీ అనుభవం ఇందులో ఉంది.

1925 నుంచి ఆమె న్యూయార్క్‌లో వ్యాపార నిర్వాహకులకు ఉపన్యాసాలిచ్చింది. 1933 మొదట్లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మాట్లాడింది. ఆ ఏడాది చివర్లోనే చనిపోయింది. 1941లో ఆమె ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చినా, పాఠ్యప్రణాళికల్లో ఆమె పేరు వెనక్కి వెళ్ళిపోయింది. 1995లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రెస్ ఆమె రచనలను మళ్ళీ అచ్చువేసింది. తాను విద్యార్థినిగా అడుగుపెట్టలేకపోయిన చోటి నుంచే ఆమెకు 'ప్రవక్త' అనే బిరుదు వచ్చింది. చనిపోయిన 62 ఏళ్ళకి.

తలుపులు

హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో పెట్టారు. స్త్రీల మీద చేసిన ప్రయోగాలను అక్కడ పాఠాలుగా చెప్పుకున్నారు కానీ స్త్రీలను విద్యార్థులుగా తీసుకోలేదు. 1937లో రాడ్‌క్లిఫ్‌లో స్త్రీల కోసం ఏడాది పాటు ఒక శిక్షణ కోర్సు మొదలైంది. పేరు 'పర్సనల్ అడ్మినిస్ట్రేషన్'. అంటే కంపెనీల్లో ఉద్యోగుల బాగోగులు చూసే శాఖలకు అమ్మాయిలను తయారుచేయడం. పాఠాలు చెప్పింది హార్వర్డ్ ప్రొఫెసర్లే. చెప్పేవాళ్ళు అదే మనుషులు, కానీ చదివినవాళ్ళకి ఎం.బి.ఎ. పట్టా మాత్రం రాదు. తర్వాత ఆ కోర్సు పేరు మారుతూ వచ్చింది, విస్తరించింది. 1959లో దాన్ని పూర్తిచేసిన వాళ్ళను హార్వర్డ్ ఎం.బి.ఎ. రెండో ఏడాదిలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. 1963లో మొదటి ఏడాది నుంచే ఎనిమిదిమంది స్త్రీలు చేరారు. అక్కడ ఒక స్త్రీకి శాశ్వత ప్రొఫెసర్ పదవి దక్కింది 1980లో.

ఇక్కడ మన దగ్గర ఏం జరుగుతోంది? విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఎ. మొదలుపెట్టింది. పూర్తికాల ఎం.బి.ఎ. బోధించడంలో దేశంలోకెల్లా ముందున్నది అదేనని చెప్పుకుంటారు. తెలుగునాట ఈ చదువు ఐ.ఐ.ఎం.ల కన్నా ముందే వచ్చిందని మనలో చాలామందికి గుర్తుండదు. అదే 1957లో హైదరాబాద్ బెల్లా విస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ శిక్షణ తరగతులు ప్రారంభించింది. ప్రభుత్వ అధికారులకీ, కంపెనీల అధికారులకీ ఒకేచోట పాఠాలు. దాని మొదటి ప్రిన్సిపాల్ పదవీవిరమణ చేసిన సైన్యాధిపతి జనరల్ శ్రీనగేశ్. దీన్ని బట్టే ఆనాటి ఊహలో నిర్వాహకుడంటే ఎవరో తెలుస్తుంది. సేనను నడిపినవాడు సంస్థను నడపగలడు. మరి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ పెట్టి, బడులూ ఆసుపత్రీ నడిపి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలై దేశమంతా స్వచ్ఛంద సంస్థలకి ఊతమిచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చేసిన పనిని ఏమనాలి? దాన్ని 'సంఘసేవ' అన్నాం. సంఘసేవ చరిత్రలో ఆమెకి అధ్యాయం ఉంది. నిర్వహణ శాస్త్రంలో లేదు.

అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. 1961 డిసెంబరులో ఏర్పడింది. దాన్ని కట్టినవాళ్ళుగా విక్రమ్ సారాభాయ్, రవి మథాయ్ పేర్లు అందరికీ తెలుసు. కమలా చౌధురి పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మిచిగన్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆమె. అహ్మదాబాద్ జౌళి పరిశ్రమల పరిశోధనా సంస్థ 'అటీరా'లో మిల్లు కార్మికుల, సూపర్‌వైజర్ల సంబంధాలను అధ్యయనం చేసిన విభాగాన్ని నడిపింది. ఐ.ఐ.ఎం. తొలి అధ్యాపకుల్లో ఒకరుగా చేరి, సారాభాయ్ గౌరవ డైరెక్టరుగా ఉన్న మొదటి సంవత్సరాల్లో రోజువారీ పనిలో చాలా భాగం చూసుకుంది. హార్వర్డ్‌తో సహకార ఒప్పందం, అధ్యాపకుల ఎంపిక, కోర్సుల రూపకల్పన అన్నిటిలో ఆమె చేయి ఉంది. 1965లో మథాయ్ తొలి పూర్తికాల డైరెక్టరయ్యాడు. ఆయన ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ కట్టడంలో ఒకరి పని 'నాయకత్వం'గా, ఇంకొకరి పని 'సమన్వయం'గా నమోదవడం మనం ఇంట్లోనూ, ఆఫీసులోనూ, చివరికి సాహిత్య సంస్థల్లోనూ చూస్తూనే ఉన్నాం. చౌధురి తర్వాత పడావు భూముల అభివృద్ధి జాతీయ బోర్డుకి అధ్యక్షురాలై, అడవులు, నీళ్ళు, పల్లె స్త్రీల వైపు మళ్ళింది. 2006లో కన్నుమూసింది.

సంస్థకి ఒంట్లో ఏముంది?

1977లో రోజాబెత్ మాస్ కాంటర్ ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనను పుస్తకంగా రాసింది. మేనేజర్లు, సెక్రటరీలు, మేనేజర్ల భార్యలు, ముగ్గురినీ కలిపి చూసింది. జీతం రాళ్ళ మీద లేని భార్య కూడా ఆ సంస్థకి పని చేస్తోందని చూపించింది. వందలో పదిహేనుకి లోపు ఉన్న స్త్రీలు ఎలా 'ఆడవాళ్ళ ప్రతినిధులు'గా మాత్రమే కనబడతారో, వాళ్ళ ప్రతి పొరపాటూ జాతి మొత్తానికి ఎలా అంటుకుంటుందో వివరించింది. స్త్రీల స్వభావంలో లోపం ఏదీ లేదు, సంఖ్యలోనూ అవకాశంలోనూ అధికారంలోనూ ఉందని ఆమె వాదం.

జోన్ ఆకర్ 1990లో ఇంకో అడుగు ముందుకేసింది. సంఖ్య పెరిగితే చాలదంది. కాగితం మీద 'ఉద్యోగం' అనే మాటే ఒక శరీరం లేని, గర్భం రాని, పిల్లలు జ్వరపడని, వంట చేయక్కర్లేని మనిషిని ఊహించుకుని రాసిందని చెప్పింది. ఆ మనిషి ఎవరో మనకి తెలుసు. అతని వెనక ఇంట్లో ఇంకొకరు ఉంటేనే అతను అలా ఉండగలడు.

ఈ రెండు వాదాలూ మన చదువులకి ఇవాళ్టికీ సూటిగా తగులుతాయి. 2013లో కోజికోడ్ ఐ.ఐ.ఎం.లో చేరిన బ్యాచిలో సగం కన్నా ఎక్కువమంది అమ్మాయిలు. అప్పట్లో అది పెద్ద వార్త. సంతోషమే. కానీ ఎన్ని సీట్లు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే, ఆ సీట్లలో కూర్చున్న అమ్మాయిలు 'కార్మికుడు, అతను' అనే పాఠమే చదువుకుని, ఆపరేటర్ 1ఎ ఎవరో తెలియకుండానే పట్టా పుచ్చుకుని, రేపు మరో గదిలో మరో అమ్మాయి మాటలు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరతారు.

బయట పుట్టిన సంస్థలు

కమలా చౌధురి పనిచేసిన అహ్మదాబాద్‌లోనే 1972లో ఇలా భట్ 'సేవ' సంఘాన్ని రిజిస్టరు చేయించబోతే అధికారులు ఒప్పుకోలేదు. యజమాని ఎవరో లేకుండా కార్మిక సంఘం ఏమిటన్నారు. తోపుడుబండ్ల మీద కూరగాయలమ్మేవాళ్ళకీ, తలమీద బరువులు మోసేవాళ్ళకీ, ఇంట్లో బట్టలు కుట్టేవాళ్ళకీ యజమాని పేరు ఏమని రాస్తారు? సంఘం యజమానికి ఎదురు నిలవడానికే కాదు, సభ్యులు ఒకరికొకరు అండగా నిలవడానికి కూడా అని వాదించి రిజిస్ట్రేషన్ సాధించుకున్నారు. 1974లో నాలుగు వేల మంది స్త్రీలు తలా పది రూపాయల వాటాధనంతో బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రాని సభ్యులకి ఫోటోతో పాసుపుస్తకం ఇచ్చారు. సంస్థ అంటే ఏమిటి అన్న నిర్వచనాన్ని వీళ్ళు చేతులతో తిరగరాశారు.

మన నేల మీద 1992 నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం నుంచి పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. 2000లో మొదలైన 'వెలుగు' పథకం వాటిని గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యలుగా పేర్చింది. పది పదిహేను మంది కలిసి వారం వారం కూర్చోవడం, పొదుపు చేయడం, లోపల్లోపల అప్పులిచ్చుకోవడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఈ పంచసూత్రాలు ఏ బిజినెస్ స్కూలూ నేర్పనక్కర్లేకుండా లక్షలాది స్త్రీలకి నోటికొచ్చు. ఇంత పెద్ద సంస్థాగత అనుభవం మేనేజ్‌మెంటు తరగతిలోకి ఎలా వస్తుంది? 'కేస్ స్టడీ'గా వస్తుంది. అంటే మళ్ళీ పరిశీలనకి వస్తువుగానే.

ఇక్కడే హాథార్న్ గది మనకి మళ్ళీ కనబడుతుంది. బృందం మొత్తం ఉత్పత్తి మీద జీతం ఉంటే అమ్మాయిలే ఒకరినొకరు తొందరపెడతారని అక్కడ తేలింది కదా. బృందం మొత్తం పూచీ మీద అప్పు ఇస్తే ఆడవాళ్ళే ఒకరినొకరు నిలదీసి కట్టిస్తారన్నది సూక్ష్మరుణ కంపెనీల నమ్మకం. కట్టలేనామె గుమ్మం ముందు తోటి సభ్యుల్నే కూర్చోబెట్టారు. స్నేహాన్నీ, పరువునీ వసూలు సాధనాలుగా మార్చారు. ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. స్త్రీల మధ్య ఉండే సంఘీభావం వాళ్ళ బలమా, లేక ఇంకొకరి లాభానికి సాధనమా అన్నది ఆ సంస్థను ఎవరు, ఎవరి కోసం నడుపుతున్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఫాలెట్ చెప్పిన రెండు రకాల అధికారాల మధ్య తేడాను ఇంతకన్నా కటువుగా చూపించే పాఠం ఉండదు. ఆ పాఠం మన జిల్లాల్లోనే ఉంది.

అందుకే పి.జి. స్థాయిలో సంస్థల గురించి చదివే, చదివించే స్త్రీల ముందు చేయదగిన పని చాలా ఉంది. హాథార్న్ పాఠం చెప్పేటప్పుడు 1928 జనవరి గురించి కూడా చెప్పాలి. ఫాలెట్‌ని ఒక పేరాగా కాక ఒక సిద్ధాంతకర్తగా చదివించాలి. ఐ.ఐ.ఎం. చరిత్రలో చౌధురిని, నిర్వహణ చరిత్రలో దుర్గాబాయిని ఉంచాలి. మండల సమాఖ్య మినిట్స్ పుస్తకాలు, మహిళాసభల వార్షిక నివేదికలు, సంఘాల్లో పుస్తకాలు రాసే స్త్రీల జ్ఞాపకాలు చెదపురుగుల పాలు కాకముందే సేకరించాలి. వాటిని రాసినవాళ్ళు పేర్లతో సహా రాశారు. మనం వాటిని అంకెలుగా మార్చకుండా ఉంటే చాలు.